వరంగల్‌లో వాంపైర్ ఆట: ఎవరికి ఏది నప్పుతుంది?

మే నెలలో మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, పండ్లు ఆర్డర్ పెట్టిన, రేపటికొస్తయ్" అన్నాడు. మామిళ్ల కాలం కదా, "ఏం పండ్లురా, బంగినపల్లా?" అని అడిగాను. "అవి కాదన్నా, నోట్ల పెట్టుకునేటియి. కోరపండ్లు. మేం వాంపైర్ గేమ్ ఆడుతున్నం."

వాడు కాజీపేట దగ్గర ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది. హాస్టల్లో తొమ్మిది మంది తయారయ్యారట. ఏ ఆట, ఎక్కడ ఆడతారు, ఒక్క రాత్రా, ఏడాదంతానా అని అడిగితే ఒక్కదానికీ జవాబు లేదు. పండ్లు మాత్రం బయల్దేరాయి.

నేను అమెరికాలో ఎంఎస్ చేసినప్పుడు రెండేళ్లు, నెలకు రెండు శనివారాలు ఈ ఆట ఆడాను. హన్మకొండకు తిరిగొచ్చాక మా డాబా మీద ఐదుసార్లు ఆడించాను. ఒకసారి బ్రహ్మాండంగా కుదిరింది. ఒకసారి గంటలోనే ఆగిపోయింది. ఒకసారి కింది పోర్షన్ వాళ్లు కర్ర పట్టుకుని పైకొచ్చారు. ఆ అనుభవంతో వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. డబ్బు పెట్టేముందు, స్నేహితుల్ని పోగేసే ముందు చదువుకుంటే మంచిది.

రక్తం కన్నా బాకీ ముఖ్యం

నేను ఆడింది లార్ప్, అంటే లైవ్ యాక్షన్ రోల్ ప్లే. ఇందులో బల్ల చుట్టూ కూర్చుని కథ చెప్పుకోరు. లేచి నిలబడి, వేషం వేసుకుని, మీ పాత్ర ఏం అంటుందో మీరే అంటారు. స్క్రిప్టు ఉండదు. వేషం కట్టడం మనకు కొత్తేమీ కాదు, పగటి వేషాల వాళ్లను, తెల్లార్లూ సాగే చిందు భాగవతాన్ని చూసిన తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. కాకపోతే ఆ వేషాలు చూసేవాళ్ల కోసం. ఇక్కడ చూసేవాడంటూ ఎవడూ ఉండడు, వచ్చిన ప్రతివాడూ వేషగాడే.

వాంపైర్ లార్ప్‌లు చాలావరకు ఒక్క ఆట నుంచి పుట్టినవే. 1991లో అమెరికాలో వైట్ వుల్ఫ్ కంపెనీ, మార్క్ రైన్ హేగెన్ తయారుచేసిన 'వాంపైర్: ది మాస్కరేడ్' అచ్చేసింది. అది పది ముఖాల పాచికలతో బల్ల మీద ఆడేది. 1993లో దాన్నే నిలబడి ఆడేలా నియమాలు వచ్చాయి. పాచికల స్థానంలో రాయి, కాగితం, కత్తెర పెట్టారు. అంతకుముందు లార్ప్ అంటే 1977లో అమెరికాలో మొదలైన డాగర్‌హిర్ లాగానో, 1982లో ఇంగ్లండ్‌లోని పెక్‌ఫర్టన్ కోటలో మొదలైన ట్రెజర్ ట్రాప్ లాగానో ఉండేది. స్పాంజి కత్తులు, డాళ్లు, పరుగులు, చెమట. వాంపైర్ ఆట వచ్చాక లార్ప్ హాల్లోకి వచ్చి కూర్చుంది. నల్ల చొక్కా ఒకటి, మాట్లాడగలిగే నోరు ఒకటి ఉంటే చాలు.

కథ ఇది. ప్రతి నగరంలోనూ మనుషుల కంట పడకుండా రక్తం తాగి బతికే చిన్న సమాజం ఒకటి ఉంటుంది. నగరానికి ఒక ప్రిన్స్, ఆయన చుట్టూ పెద్దమనుషులు, వాళ్ల మధ్య పాత పగలు. మన సంగతి మనుషులకు తెలియకూడదనేదే మొదటి చట్టం. మాస్కరేడ్ అంటే అదే.

కొత్తవాళ్లు రక్తం, కోరలు, నల్ల కోట్లు చూసి వస్తారు. ఉండిపోయేవాళ్లు మాత్రం బాకీల కోసం ఉండిపోతారు. ఈ ఆటలో వాంపైర్ల మధ్య డబ్బుకు విలువ లేదు, చేసిన సాయానికే విలువ. చిన్న సాయానికి చిన్న బాకీ, ప్రాణం కాపాడితే ప్రాణబాకీ. ఎవరు ఎవరికి ఎంత బాకీ పడ్డారో లెక్క పెట్టి, నలుగురిలో పరువు తీసే పాత్రలు కూడా ఉంటాయి. వాటిని హార్పీలు అంటారు. నాకు అది మొదటిసారి అర్థమైనప్పుడు మన పెళ్లిళ్లలో కట్నాలు రాసే నోటుబుక్కు గుర్తొచ్చింది. వాళ్లు మనకు అయిదొందల పదహార్లు చదివించారు కాబట్టి వాళ్ల బిడ్డ పెళ్లికి మనం తగ్గకూడదు. ఆ బుక్కు నాలుగు వందల ఏళ్లు నడిస్తే, రాసుకున్నవాడూ చావకపోతే, అదే వాంపైర్ల నగరం. తెలుగు ఇంట్లో పెరిగినవాడికి ఈ ఆట నేర్పాల్సిన అవసరం పెద్దగా ఉండదు.

దీన్ని కంపెనీ వాళ్లే ఒకసారి ఆపేశారు. 2004లో పాత కథా ప్రపంచానికి ముగింపు రాసి, కొత్త ఆట విడుదల చేశారు. ఆడేవాళ్లలో చాలామంది కదల్లేదు, పాతదే ఆడుతూ పోయారు. 2011లో ఇరవయ్యేళ్ల సందర్భంగా పాత ఆటనే మళ్లీ అచ్చేయాల్సి వచ్చింది. 2015లో స్వీడన్‌కు చెందిన పారడాక్స్ కంపెనీ హక్కులు కొన్నది, 2018లో అయిదో ఎడిషన్ వచ్చింది. కాబట్టి ఏ గుంపులో చేరినా మొదట అడగాల్సింది 'ఏ ఎడిషన్?' అని. పేరు ఒకటే అయినా నియమాలు వేరు, వాటి మీద కొట్లాటలు ఇంకా వేరు.

బల్ల మీదా, నిలబడా?

నలుగురైదుగురే ఉంటే, అందులో ఇద్దరు సిగ్గరులైతే, బల్ల ఆటే మేలు. ఒకరు కథ నడిపే స్టోరీటెల్లర్, మిగతావాళ్లు పాత్రలు. అయిదో ఎడిషన్‌లో ఆకలి పాచికలు అని ఒక మంచి ఏర్పాటుంది. మీ వాంపైర్‌కు ఆకలి పెరిగేకొద్దీ మామూలు పాచికల స్థానంలో ఆకలి పాచికలు వచ్చి చేరతాయి. వాటి వల్ల, గెలిచినా గెలుపు రక్తసిక్తం కావచ్చు. తలుపు తెరవాలనుకున్నవాడు తలుపుతో పాటు కాపలావాణ్నీ చీల్చేస్తాడు. ఆకలిగా ఉన్నవాడు మర్యాదగా ఉండటం ఎంత కష్టమో పాచికలే చెబుతాయి. నిలబడి ఆడే ఆటల్లో ఇంత చక్కగా ఇది కుదరడం నేను చూడలేదు.

ఒక్క పుస్తకం ఉంటే సరిపోతుంది, అందరూ కొనక్కర్లేదు. పది ముఖాల పాచికలు దొరక్కపోతే ఫోన్‌లో యాప్ ఉంది. మూడు నాలుగు గంటలు, ఒక గది, చాయ్, సకినాలు. వానొచ్చినా కరెంటు పోయినా ఆట ఆగదు. పక్కింటివాళ్లకు అష్టాచెమ్మా ఆడుతున్నట్టే ఉంటుంది.

లోపమల్లా భారమంతా ఒక్కడి నెత్తిన పడటమే. స్టోరీటెల్లర్ చదవాలి, రాయాలి, నగరంలోని ప్రతి ముసలి వాంపైర్ గొంతూ తనే పలకాలి. వాడికి పరీక్షలొచ్చినా పెళ్లి కుదిరినా ఆట పోయినట్టే. ఇంకోటి, బల్ల దగ్గర గుసగుసలుండవు. ఇద్దరు మూలకు వెళ్లి మాట్లాడుకుంటుంటే మూడోవాడి కడుపులో తిరిగే టెన్షన్ ఈ ఆటకు ఊపిరి. అది నిలబడి ఆడితేనే వస్తుంది.

పదిమందికి మించితే బల్ల ఆట పెట్టనే వద్దు. తన వంతు కోసం నలభై నిమిషాలు ఆగినవాడు ఫోన్ తీస్తాడు.

మాఫియా అనే తొలిమెట్టు

గుంపులో దాక్కున్న హంతకులెవరో మిగతావాళ్లు మాటలతో, ఓట్లతో పట్టుకునే ఆట ఇది. దీన్ని చిన్నచూపు చూడకండి. 1986లో మాస్కోలో చదువుకుంటున్న ద్మీత్రీ దవీదొవ్ తయారుచేసిన మాఫియా ఆటను 1997లో ఆండ్రూ ప్లాట్కిన్ తోడేలు మనుషుల కథగా మార్చాడు. మీరు దాన్ని 'ఊళ్లో ఇద్దరు రక్తపిశాచులు' అని మార్చుకోవచ్చు. పావుగంట, అరగంటలో అయిపోతుంది. ఖర్చు సున్నా. చచ్చినవాడు ఊరికే కూర్చోవాలి, అదొక్కటే విసుగు.

నేను దీన్ని పరీక్షగా వాడతాను. ఎవడు నవ్వకుండా అబద్ధమాడగలడు, ఎవడు ఓడిపోతే నిజంగానే అలుగుతాడు అనేది మూడు రౌండ్లలో తేలిపోతుంది. అలిగేవాణ్ని లార్ప్‌కు పిలిచేముందు రెండుసార్లు ఆలోచించండి.

ఒక్క రాత్రి సభ

ఇది పదిమంది నుంచి ఇరవైమంది దాకా. ఒక హాలో, డాబానో. ముందే రాసి ఇచ్చిన పాత్రలు, ఒక్కొక్కరికి అరపేజీ: మీరెవరు, మీకేం కావాలి, ఎవరికి బాకీ, ఎవరి రహస్యం మీ చేతిలో ఉంది. ఏడున్నరకు మొదలు, పదిన్నరకు ముగింపు. ఆ తర్వాత కథ లేదు, పాత్ర లేదు, లెక్కలేవీ మిగలవు. నూటికి తొంభై మందికి నేను చెప్పేది ఇదే.

డాబా మీద బాగా కుదిరిన ఆట ఇలాంటిదే. ప్రిన్స్ కుర్చీ ఖాళీ, తెల్లారేలోగా కొత్త ప్రిన్స్‌ను ఎన్నుకోవాలి. పన్నెండు మంది. ఎవరిదీ గెలిచేంత బలం కాదు, అందరి దగ్గరా ఇంకొకరి గుట్టు ఉంది. నేను రాసింది అంతే. వాళ్లు మూడు గంటలు నా అవసరం లేకుండా ఆడుకున్నారు. బ్యాంకులో పనిచేసే ఒకామె, జన్మలో ఎప్పుడూ నాటకం వేయని మనిషి, అందరికీ ఓటు మాటిచ్చి ఆఖరి అయిదు నిమిషాల్లో తనే కుర్చీలో కూర్చుంది. రూహ్ అఫ్జా షర్బత్ గ్లాసు ఎత్తి "ఇగ అందరు బాకీలు తెచ్చుకోండ్రి" అన్నది. ఆ తర్వాత వారం రోజులు మా గ్రూపులో అదే మాట.

గంటలో ఆగిపోయిన ఆటలో తప్పు నాదే. వాంపైర్లలో క్లాన్లు ఉంటాయి. అసలు ఆటలో కామరిల్లా అనే వర్గంలో ఏడు: బ్రూహా, గాంగ్రెల్, మాల్కేవియన్, నోస్‌ఫెరాటు, టొరియడోర్, ట్రెమియర్, వెంట్రూ. ఒక్కో క్లాన్‌కు ఒక శక్తి, ఒక శాపం, మిగతావాళ్ల మీద ఒక చులకన. నేను తెలివి ఉపయోగించి దాన్ని 'కులం' అని తెలుగు చేశాను. పది నిమిషాల్లో వాంపైర్లు పోయి అసలు కులాల మాటలు మొదలయ్యాయి. ఒకరు సరదాగా అన్నారు, ఇంకొకరికి అది సరదాగా లేదు. ఇద్దరు ఇప్పటికీ మాట్లాడుకోరు. 'తెగ' అనండి, 'కొలువు' అనండి, లేదా క్లాన్ అనే ఉంచేయండి.

ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. జెరాక్సులు, షర్బత్, రెండు ఎల్‌ఈడీ దీపాలు. కోరలు వద్దేవద్దు. పార్టీ షాపులో దొరికేవి పెట్టుకుంటే ళ, ణ పలకవు, చొల్లు కారుతుంది, గంభీరమైన డైలాగు కూడా జోకవుతుంది. పైగా ఈ ఆటలోని వాంపైర్లు కోరలు లోపలికి ముడుచుకోగలరు, మనుషుల మధ్య తిరగాలి కదా మరి. కోటు సంగతి కూడా అంతే. వరంగల్ మే నెలలో నల్ల కోటు వేసుకున్నవాడు ఎండ తగలకముందే కాలిపోతాడు. నల్ల కుర్తా చాలు. పొద్దు గూకాక మొదలయ్యే ఆట కాబట్టి మన ఎండాకాలానికి నిజంగానే సరిగ్గా సరిపోతుంది. దోమల బత్తీలు మాత్రం మర్చిపోకండి, ఆ రాత్రి నిజంగా రక్తం తాగేవి అవే.

నెలనెలా సాగే కథ

అసలు మత్తు ఇక్కడుంది. అసలు నష్టం కూడా.

దీన్ని క్రానికల్ అంటారు. ఒకే నగరం, అవే పాత్రలు, నెలకు ఒకసారో రెండుసార్లో కలయిక, ఏళ్ల తరబడి. విదేశాల్లో వన్ వరల్డ్ బై నైట్, మైండ్స్ ఐ సొసైటీ లాంటి సంఘాలు ఉన్నాయి. వాటిలో ఎన్నో నగరాల గుంపులు ఒకే కథను పంచుకుంటాయి. ఒక ఊరి వాంపైర్ ఇంకో ఊరి ఆటకు చుట్టంగా వెళ్లొచ్చు, అక్కడ చేసిన తప్పుకు ఇక్కడ శిక్ష పడొచ్చు.

నేను అలాంటి దాంట్లోనే చేరాను. యూనివర్సిటీ స్టూడెంట్ యూనియన్‌లో ఒక మీటింగ్ హాలు, ముప్పై మంది. రెండు చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. నేను వెళ్లి హలో చెప్పాను. అందరూ నవ్వారు. చేతులు అలా పెడితే కనపడనట్టు లెక్కట, శక్తితో మాయమైపోయాడన్నమాట. అప్పు ఇచ్చినవాడు పెళ్లిలో ఎదురుపడితే మనం చూడనట్టు పోతామే, ఆ విద్యే. రెండో నెలకల్లా నేనూ ఎదురుగా ఉన్న మనిషిని చూడకుండా ఉండటం నేర్చుకున్నాను.

కొత్త దేశం, చలి, ఇద్దరు రూమ్మేట్లు, మాట్లాడితే అసైన్‌మెంట్లు. అలాంటప్పుడు శనివారం సాయంత్రం వెళ్లగానే ముప్పై మంది నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు. నా పేరు కాదు, నా పాత్ర పేరు. అయినా పిలుపు పిలుపే. నా ఇంగ్లిషు అక్కడే బాగుపడింది. బెదిరించడం, బతిమాలడం, మాట మార్చడం, అన్నీ ఇంగ్లిషులో అక్కడే నేర్చుకున్నాను. ఏడాదిన్నర కిందట ఎవరికో చేసిన చిన్న సాయం ఒక రాత్రి నా పాత్ర ప్రాణం కాపాడింది. ఒక్క రాత్రి ఆటలో ఆ రుచి దొరకదు, దానికి ఏడాదిన్నర పెట్టాలి.

ఇక అటువైపు. పాత్రకు ప్రతి ఆటకు అనుభవం పాయింట్లు చేరుతుంటాయి. పదేళ్లుగా ఆడుతున్నవాడి పాత్ర కొండంత, నిన్న చేరినవాడిది ఎలుకంత. ముసలి వాంపైర్లు కుర్రవాళ్లను తొక్కిపెట్టడం కథలో అందంగా ఉంటుంది. అయితే అక్కడ తొక్కేవాడూ, తొక్కించుకునేవాడూ ఇద్దరూ నిజం మనుషులే. వాళ్ల కుర్చీలు ఖాళీ కావు, వాళ్లు చావరు, అమరులు కదా. వాళ్ల స్నేహితులే స్టోరీటెల్లర్లు. తీర్పు ఎటు పోతుందో ముందే తెలుస్తుంది. ఆఫీసులో సీనియారిటీ పట్టుకుని వేలాడేవాణ్ని తిట్టుకుంటూ శనివారం వెళ్తే అక్కడా అదే సీను.

రెండో తలనొప్పి, ఆటకూ ఆటకూ మధ్య నడిచే ఆట. మీ పాత్ర ఈ నెలంతా ఏం చేసిందో మెయిల్ రాయాలి, పొత్తులు కలుపుకోవాలి, ఎవరో అర్ధరాత్రి మెసేజ్ పెడతారు. నెలకు రెండు రాత్రులనుకుంటే రోజుకో గంట తినేస్తుంది. నా మూడో సెమిస్టర్ గ్రేడ్లు చూసి మా నాన్న ఏమన్నాడో ఇక్కడ రాయను.

మూడోది అన్నిటికన్నా పెద్దది. లార్ప్ ఆడేవాళ్లు దీన్ని 'బ్లీడ్' అంటారు. పాత్ర భావాలు ఆడేవాడిలోకి, ఆడేవాడివి పాత్రలోకి కారడం. ఈ ఆటలో ద్రోహం రోజువారీ పని. ఆరునెలలు నమ్మించి నా పాత్రను అమ్మేసిన స్నేహితుడు ఆట అయ్యాక పిజ్జా పెట్టించాడు. నేను తిన్నాను గానీ నెలరోజులు వాడి ఫోన్ ఎత్తలేదు. బాగా ఆడాడని తెలుసు, అయినా ఎత్తలేదు.

అందుకే వరంగల్‌లో కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు క్రానికల్ వద్దంటాను. కనీసం మూడు ఒక్క రాత్రి ఆటలు అదే గుంపుతో ఆడాక, ఇంకా పదిమంది మిగిలితే, అప్పుడు. అప్పుడు కూడా ఆరు ఆటలు అని ముందే హద్దు పెట్టుకోండి. ఆరో ఆటలో నగరం కూలిపోవాలి, ఎవరు మిగిలినా సరే. హాస్టల్ పిల్లలకు ఇది ఎలాగూ ఒక సెమిస్టర్ కాలం.

విదేశీ కోటల్లో జరిగే పెద్ద ఆటల గురించి కూడా అడుగుతుంటారు. 2016లో పోలండ్‌లో ఒక కోటలో, 2017లో బెర్లిన్‌లో చాలా చోట్ల కలిపి వాంపైర్ లార్ప్‌లు జరిగాయి. వీడియోలు చూస్తే నోరూరుతుంది. టికెట్టు, విమానం, షెంజెన్ వీసా, చలికి బట్టలు కలిపితే ఒక రాత్రి వేషానికి మోటార్ సైకిల్ ఖర్చు. ఎలాగూ యూరప్‌లో చదువుతున్నవాళ్లు వెళ్లండి.

ఒళ్లు తాకకుండా, మనసు నొప్పించకుండా

ఈ ఆటలో ఒకరి మీద ఒకరు చేయి వేయరు. నిజం ఆయుధాలుండవు, మందు ఉండదు. ఇవి చాలాచోట్ల ఉండే నియమాలే. చిక్కు ఎక్కువగా శక్తుల దగ్గర వస్తుంది. కళ్లలోకి చూసి ఆజ్ఞాపించడం, రక్తం తాగించి బానిస ప్రేమలో పడేయడం లాంటివి ఈ వాంపైర్ల విద్యలు. కాగితం మీద చదివితే గొప్పగా ఉంటాయి. ఒకబ్బాయి ఒకమ్మాయి పాత్రను 'నువ్వు నన్ను ప్రేమిస్తున్నావు, రాయి–కాగితం–కత్తెరలో ఓడిపోయావు' అంటే ఆ గదిలో గాలి మారిపోతుంది. నేను అక్కడ రెండుసార్లు చూశాను. రెండుసార్లూ మరుసటి నెల ఆ అమ్మాయిలు రాలేదు.

మా డాబా ఆటల్లో ఆ శక్తులు తీసేశాం. ఏమీ తగ్గలేదు. ఎవరికైనా ఇబ్బందైతే "ఆపు" అంటే ఆట అక్కడికక్కడ ఆగాలి, కారణం అడగకూడదు. ఆడవాళ్లు ఎలా ఇంటికి చేరతారో ఆట మొదలవకముందే తేల్చుకోండి. రాత్రి పదిన్నరకు హన్మకొండ చౌరస్తాలో ఆటో కోసం నిలబడాల్సిన పని ఎవరికీ రాకూడదు.

ఆట అయిపోగానే వెళ్లిపోవద్దు. పావుగంట కూర్చోండి, సొంత పేర్లతో పిలుచుకోండి, మోసం చేసినవాడు మోసపోయినవాడికి పెసరట్టు వడ్డించాలి. మొదట్లో తమాషాకు పెట్టిన నియమం, ఇప్పుడు మానలేకపోతున్నాం.

ఎక్కడ ఆడాలి

అందరూ మొదట అడిగేది కోట. కాకతీయుల తోరణాల మధ్య వెన్నెల్లో వాంపైర్ల సభ, నిజమే, ఊహిస్తేనే ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఖిలా వరంగల్, ఖుష్ మహల్, వేయిస్తంభాల గుడి పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. రాత్రిపూట దొంగచాటుగా దూరి ఆడే చోట్లు కావు. గుళ్ల జోలికి అసలే పోవద్దు, భద్రకాళి చెరువు గట్టు కూడా వద్దు.

రోడ్డు మీద, పార్కుల్లో ఆడటం అమెరికాలో మామూలు. ఇక్కడ మాత్రం ప్రమాదం. నేను భయపెట్టడానికి చెప్పట్లేదు. బాణామతి చేస్తున్నారనే అనుమానంతో మనుషుల్ని చంపిన నేల ఇది. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్‌లో పుకారు పుడితే తెలంగాణలో చాలాచోట్ల అమాయకుల్ని పట్టుకుని కొట్టారు. రాత్రి తొమ్మిదికి మూతికి ఎర్రరంగు పూసుకున్న నల్లబట్టల వాళ్లు సందులో గుసగుసలాడుతుంటే చూసినవాళ్లకు లార్ప్ అని ఎలా తోస్తుంది? మా ఇంట్లో జరిగింది చిన్నదే. డాబా మీద ఒకాయన "నీ రక్తం నాకు బాకీ" అని అరిచాడు. కింది పోర్షన్ అంకుల్ కర్ర పట్టుకుని, ఆంటీ వెనకాల నిమ్మకాయ పట్టుకుని వచ్చారు. అరగంట వివరించి, షర్బత్ తాగించి పంపాను. ఆంటీ నిమ్మకాయ మాత్రం గుమ్మం దగ్గరే వదిలి వెళ్లింది.

అప్పటి నుంచి ఇంటి ఓనర్‌కు, పక్కవాళ్లకు, వాచ్‌మన్‌కు ముందురోజే చెబుతున్నాను. 'నాటకం రిహార్సల్' అంటే చాలు, అబద్ధం కూడా కాదు. దీపాలు వెలుగుతూ ఉండాలి. ఎర్రరంగు గుమ్మం దాటకూడదు. అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాలు దొరికితే అన్నిటికన్నా మంచిది.

ఇళ్లలో పెద్దవాళ్ల భయం వేరే. 1996లో ఫ్లోరిడాలో ఒక జంటను చంపిన కుర్రవాడు ఈ ఆట ఆడేవాడని అక్కడి పత్రికలు గోల చేశాయి. ఎవరో ఒక బాబాయ్ అది వెతికి మీ ముందు పెడతాడు. వాదించకండి. ఒకసారి వచ్చి కూర్చుని చూడమనండి. అరగంట చూసి "ఇది పంచాయితీ ఎలక్షనే గదరా" అని వెళ్లిపోతాడు.

మన కథతో ఆడితే

చికాగో ప్రిన్స్ మనకెందుకు? ఓరుగల్లులో ఏడొందల ఏళ్లు బతికిన వాంపైర్ ఉంటే వాడు 1323లో కోట కూలడం చూసి ఉంటాడు, ఊరి పేరు సుల్తాన్‌పూర్ అని మార్చడం చూసి ఉంటాడు, నిజాముల్నీ, 1948నూ చూసి ఉంటాడు. 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లులో నైట్ షిఫ్ట్‌కు వెళ్లి తిరిగిరాని కార్మికుడు ఇంకొక పాత్ర. కాజీపేట జంక్షన్‌లో రాత్రి రైళ్లకు మాత్రమే డ్యూటీ చేసే టీసీ ఇంకొకడు. ఇలాంటి పాత్రలు ఇస్తే ఎవడూ రూల్ బుక్ అడగడు. మన బేతాళుణ్ని తెచ్చుకోవచ్చు గానీ, వాడు శవంలో దూరి మాట్లాడేవాడు, శవమే లేచి తిరిగే యూరప్ వాంపైర్ వేరు. రెండూ కలిపితే గందరగోళం.

అన్నిటికన్నా బలమైన కథ గడిలో ఉంది. పగలు బయటికి రాని దొర, రాత్రి గడి తలుపులు తెరుచుకుంటే వెట్టికి పిలుపు. మన పెద్దలు దొరల్ని రక్తం తాగినోళ్లు అన్నప్పుడు అది ఉత్త ఉపమానం. ఆటలో అది అక్షరాలా నిజమవుతుంది. నేను ఒకసారి రాశాను, 1940ల నాటి ఒక కల్పిత ఊరు. ఆడినవాళ్లు తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

జాగ్రత్త ఏమిటంటే, విసునూరు, కడవెండి, పాలకుర్తి మనకు పక్క ఊళ్లే. దొడ్డి కొమురయ్య 1946 జూలై 4న చనిపోయింది ఇక్కడే. మీ గుంపులో ఒకరి తాత వెట్టి చేసి ఉంటాడు, ఇంకొకరి తాత చేయించుకుని ఉంటాడు. అసలు ఊళ్ల పేర్లు, అసలు మనుషుల పేర్లు పెట్టకండి. అందరూ దొరలే అయితే ఆట చెడిపోతుంది, సగంమంది మనుషులుగా ఉండాలి. పట్వారి, చాకలి, కొత్తగా సంఘంలో చేరిన కుర్రవాడు, వాళ్ల చేతిలో కూడా ఏదో ఒక గుట్టు ఉండాలి. మొదటి ఆటకు మాత్రం దీన్ని ఎత్తుకోకండి.

మా తమ్ముడు చివరికి ఒక్క రాత్రి సభకే ఒప్పుకున్నాడు. తొమ్మిది మంది పదకొండయ్యారు. డాబా మాదే, వచ్చే శనివారం ఏడున్నరకు. ఆజంజాహి మిల్లు కార్మికుడి పాత్ర వాడికిచ్చాను. కోరపండ్లు వాపస్ తీసుకోరట, నోట్లో పెట్టుకునే సామాను కదా. ఒకసారి పెట్టుకుని చూపించరా అంటే పెట్టుకుని, "అన్నా, మల్ల మంచినీల్లియ్యవా" అన్నాడు. పిండి పట్టుకుపోవడానికి వచ్చిన మా చిన్నమ్మ గుమ్మంలోనే ఆగిపోయి, "పంటి డాక్టర్‌కు చూపెట్టుకోపోయినవురా" అన్నది.